చక్కెర మంచు, నల్ల పసుపు

మా వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "కంప్యూటర్ సరిగా లేని రోజుల్లో మీరు ఎలా చేశారు సార్?" చక్కెరతో చేశామంటే నవ్వుతారు. ముసలాయన సరదాకు అంటున్నాడనుకుంటారు. సరదా కాదు, నిజంగానే చక్కెరతో చేశాం. బోధన్ దారిలో, చెరుకు తోటల మధ్య, బెల్లం వండే కొట్టంలో కూర్చుని చేశాం.

ముందు పని ఏమిటో చెబుతాను. బాగా ఎత్తున ఉండే మబ్బుల్లో నీటి చుక్కలు ఉండవు, మంచు పలుకులు ఉంటాయి. రాడార్ వదిలిన తరంగం వాటి మీద పడి నాలుగు దిక్కులకూ చెదిరిపోతుంది. అందులో రవ్వంత వెనక్కి వస్తుంది. దాన్నే ఎకో అంటాం. ఆ రవ్వంతను పట్టుకుని పైన ఉన్న పలుకులు ఎలాంటివి, ఎన్ని, అవి కిందికి ఏమై దిగుతాయి అని చెప్పాలి. నేను దుకాణంలో పెరిగినవాణ్ని కాబట్టి నాకు అది ఇలా అర్థమైంది: మూట విప్పకుండా, పైనుంచి తట్టి, లోపల ఉన్న సరుకేమిటో చెప్పడం. తట్టినప్పుడు ఏ సరుకు ఎలా పలుకుతుందో ముందే లెక్క కట్టి పెట్టుకోవడమే నా ఉద్యోగం.

ఆ ఉద్యోగం చేసినన్నాళ్లూ నన్ను పైఅధికారులు చాలా అడిగారు. కానీ "ఇప్పుడే చెప్పు, నీ మాట మీద నా పంట ఉంది" అని నిలదీసినవాడు ఒక్కడే. మోర్తాడ్ వైపు పసుపు రైతు గంగారెడ్డి. ఆ రోజు ఆయన ఏడాది పసుపంతా ఉడికించి కల్లంలో ఆరబోసి ఉంది. పైన మబ్బు పట్టింది. ఆయనకు నేనేం చెప్పానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. అయితే ఆ రోజు నేను చెప్పగలిగినదంతా చక్కెర నేర్పిందే కనుక చక్కెర దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

గంజ్‌లో నేర్చిన ఒక్క ముక్క

మా బాపుకు నిజామాబాద్ గంజ్ దగ్గర కిరాణా దుకాణం. 1956లో రాష్ట్రం మారినప్పుడు నేను బడిలో ఉన్నాను. మా దుకాణానికి సంబంధించినంత వరకు వచ్చిన మార్పల్లా బోర్డు మీద ఉర్దూ పక్కన తెలుగు కూడా చేరడమే. లోపల బేరం మాత్రం ఎప్పటిలాగే ఉర్దూ, తెలుగు, మరాఠీ కలిపి నడిచేది. ఏ భాషలో నష్టం తక్కువైతే ఆ భాషలో.

నేను పెద్దయి దుకాణం చూసుకోవాలని అందరూ అనుకున్నారు. నా చేతికి త్రాసు ఇస్తే ముల్లు ఎప్పుడూ కొనేవాడి వైపే మొగ్గేది. కొన్నాళ్లు చూసి బాపు మా అవ్వతో (మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం) అన్నాడు: "గీ పిలగాణ్ణి గల్లపెట్టె మీద కూసోబెడితే మనం బజార్ల పడుతం. సదువుకోనీ." నా భౌతికశాస్త్రం అలా మొదలైంది. గొప్ప కారణాలు చెప్పేవాళ్లుంటారు. నా కారణం ఇదే.

కానీ ఒక్క ముక్క నేర్చుకునే బయటపడ్డాను. ఎవరైనా వచ్చి "సేటూ, గీ బెల్లం మంచిదేనా?" అంటే బాపు అవుననీ అనడు, కాదనీ అనడు. "ఏ పనికి?" అంటాడు. పాయసానికి మంచిదైతే మందులోకి మంచిది కాకపోవచ్చు. తర్వాత నేను చూసిన పెద్దపెద్ద శాస్త్ర చర్చల్లో సగం, ఎవరో ఒకరు "ఏ పనికి?" అని అడిగి ఉంటే పొద్దున్నే ముగిసిపోయేవి.

బెల్లం కొట్టం

డెబ్బైల మొదట్లో మా సంస్థ ఒక చిన్న రాడార్‌ను కొండలూ పట్నపు కట్టడాలూ అడ్డం లేని చోట పెట్టాలనుకుంది. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే దారి నచ్చింది. నన్ను ఆ పనికి తీసుకున్నది నా తెలివి చూసి అని చాలాకాలం అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ ఊళ్లల్లో బేరమాడగల మనిషి కావాలని తీసుకున్నారట.

రాడార్ బండి మీద ఉంటుంది. లోపల పరీక్షలు చేసుకోవడానికి పొడవాటి కొట్టం కావాలి. కోటగిరి వైపు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు సుబ్బారావు గారికి అలాంటిది ఒకటుంది. ఆయన చెరుకంతా ఫ్యాక్టరీకే పోతోంది కాబట్టి బెల్లం వండే కొట్టం ఖాళీగా ఉంది.

"మీకెందుకండీ అది?" అన్నాడాయన.

"మబ్బుల పని మీద."

"మబ్బుల్ని కొట్టంలో కట్టేస్తారేంటండీ?"

"కట్టెయ్యం. నమూనాలు చేసి చూస్తాం."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. అద్దె మీద ఇద్దరం చాలాసేపు కొట్టుకున్నాం. చివరికి ఆయన, "సరే, మీరన్నదే ఖాయం. కానీ వారానికోసారి మా ఇంట్లోవాళ్లకి ఆ రాడార్ తెర చూపించాలి. బోధన్‌లో సినిమా మారినప్పుడల్లా తీసుకెళ్లలేక చస్తున్నాను" అన్నాడు. నేను గెలిచాననుకున్నాను. ప్రతి ఆదివారం ఆయన బంధుబలగమంతా వచ్చి తెర ముందు కూర్చుని, "ఆ మచ్చ ఏంటి బాబూ? ఈ మచ్చ ఏంటి?" అని అడుగుతుంటే బేరం ఎవరు గెలిచారో తెలిసింది.

కొట్టం గోడలకు బొగ్గుపొడి అద్దిన కొబ్బరిపీచు పరుపులు వేలాడదీశాం. తరంగం గోడకు తగిలి తిరిగి రాకుండా పీచు మింగేస్తుంది. ఒక చివర తరంగం వదిలే కొమ్ము, పక్కనే పట్టుకునే కొమ్ము, ఎదురుగా పట్టుదారానికి వేలాడే నమూనా. బయట చెరుకు బండి పోతే చాలు, మీటర్ ముల్లు ఎగిరి పడేది. ఫ్యాక్టరీలో చెరుకు ఆడే క్రషింగ్ రోజుల్లో బండ్ల మధ్య సందు చూసుకుని శాస్త్రం చేశాం.

నరహరి సారు, ఆయన బంతి

మా శిబిరం పెద్ద నరహరి సారు. సన్నటి మనిషి, మెత్తటి మాట, చక్కెర జబ్బు. నాకు దొరికిన అధికారుల్లో ఈయనంత ఓపికగలవాడు ముందూ లేడు, తర్వాతా లేడు. ఆయనకు ఒక్కటే పిచ్చి. లోకంలో ఏ వస్తువునైనా మొదట బంతి అనుకునేవారు.

"ఏమయ్యా విఠల్, బంతికి సూత్రం ఉంది. పలకకు లేదు. ఉన్నదానితో మొదలుపెట్టు."

"సార్, ఆకాశంలో బంతులు లేవు కదా. ఆరు మూలల పలకలున్నాయి, పుల్లలున్నాయి, సూదులున్నాయి, అన్నీ అతుక్కుని ముద్దలైనవి ఉన్నాయి."

"వాటన్నిటినీ కరిగించి అంతే బరువున్న బంతి చెయ్యి."

"బంతి మంచిదే సార్. ఏ పనికి?"

గంజ్ మాట నోట్లోంచి జారిపోయింది. ఆయన కోప్పడతారనుకున్నాను. కాసేపు కళ్లు మూసుకుని, "మొత్తం మంచు ఎంతుందో ఉజ్జాయింపుగా చెప్పే పనికి. ఆకారం కనిపెట్టే పనికి కాదు. సరే, నువ్వన్నదీ చూద్దాం" అన్నారు. తనకన్నా చిన్నవాడు అడిగిన ప్రశ్నకు కళ్లు మూసుకుని ఆలోచించే అధికారి దొరికితే బదిలీ అడగకండి.

ఆకారం ఎందుకు లెక్కకు వస్తుందో అప్పడంతో చెబుతాను. పలకలాంటి మంచు పలుకు గాలిలో అప్పడంలా పడుకుని దిగుతుంది. తరంగం అడ్డంగా ఊగుతూ వస్తే దానికి అప్పడం వెడల్పు తగులుతుంది. నిలువుగా ఊగుతూ వస్తే మందం మాత్రమే తగులుతుంది. అదే మంచు, అదే బరువు, ఎకో మాత్రం రెండు రకాలు. ఆ తేడా పట్టుకుంటే పైన ఉన్నది పలకా, ముద్దా అన్నది తెలుస్తుంది. బంతికి ఆ తేడా ఉండదు. ఎటు తిప్పినా బంతి బంతే.

కానీ మబ్బులోని పలుకు చాలా చిన్నది. చేత్తో పట్టుకుని కొలవలేం. దానికొక ఉపాయం ఉంది. పలుకును ఎన్ని రెట్లు పెంచితే తరంగం పొడవునూ అన్ని రెట్లు పెంచాలి. అప్పుడు చిన్న పలుకు చిన్న తరంగంతో ఎలా నడుచుకుంటుందో, పెద్ద పలుకు పెద్ద తరంగంతో అచ్చం అలాగే నడుచుకుంటుంది. ఒక్కటే షరతు: నమూనా చేసిన పదార్థం తరంగంతో మంచులాగే ప్రవర్తించాలి. అసలు మంచు బోధన్ ఎండకు నిలవదు. మైనం ప్రయత్నించాం, దాని ఎకో మరీ తక్కువ. సారు పదార్థాల పట్టిక ముందేసుకుని వేలు పెట్టి కిందికి దిగుతూ పోయి ఒకచోట ఆగారు.

"ఎండు చక్కెర, విఠల్. మంచుకు దగ్గరగా ఉంది."

కిటికీలోంచి బయటికి చూశాం. కనుచూపు మేర చెరుకు. గాలి నిండా మొలాసిస్ వాసన. ఇద్దరం ఒకేసారి నవ్వాం.

అవ్వ అచ్చులు

హోలీకి మా వైపు పిల్లల మెడలో చక్కెర పేర్లు వేస్తారు. చక్కెర పాకం చెక్క అచ్చుల్లో పోసి, మధ్యలో దారం పరిచి, గట్టిపడ్డాక దండలా తీస్తారు. మా దుకాణంలో అమ్మే పేర్లన్నీ అవ్వ చేతివే. వడ్రంగి దగ్గర ఆరు మూలల అచ్చులు, పుల్లల అచ్చులు చెక్కించుకుని అవ్వ ముందు పెట్టాను.

"గివేం పేర్లురా? మెడల ఎట్లేసుకుంటరు?"

"మెడలోకి కాదవ్వా. మబ్బుల్లో మంచు గిట్లుంటది. దాని నమూనా."

"మొగులుకు గుడ హోలీ వచ్చిందా?" అని నవ్వి, పాకం పొయ్యి మీద పెట్టింది. పోసేముందు దారం తీసింది.

"దారం వద్దవ్వా."

"దారం లేకుంటే అది పేరెట్లయితది?"

"అది పేరు గాదవ్వా, పలుకు."

"నీ పలుకు నువ్వే పోసుకో పో, మరి."

దారం మీద చాలాసేపు బేరమాడి గెలిచాను. బదులుగా రాబోయే హోలీకి పేర్లు అమ్మడానికి గల్ల మీద కూర్చోవాలని ఒప్పుకున్నాను. అవ్వ అచ్చుల్ని నీళ్లలోంచి తీసి, దులిపి, పాకం పోసింది. ఎండిన అచ్చులో పోస్తే చక్కెర చెక్కను పట్టుకుని ఊడి రాదు, అందుకని ముందు నానబెడతారు. అది నేను చిన్నప్పట్నుంచి చూసిందే. చూసిందే కాబట్టి చూడలేదు. బేరగాణ్నని చెప్పుకునే నేను బేరమంతా దారం మీద పెట్టి, నీళ్ల మాటే ఎత్తలేదు.

ఇంకో సంగతి. చక్కెర మంచుకు ఆకాశంలోని మంచుకు లేని శత్రువులు ఉంటారు. ఒక పొద్దున చూస్తే ఆరు మూలల పలకకు అయిదు మూలలే ఉన్నాయి. చీమలు. అప్పట్నుంచి నమూనాల పెట్టె నాలుగు కాళ్లూ నీళ్ల పళ్లాల్లో పెట్టాం.

చెమట పట్టిన మంచు

అవి ముసురు రోజులు. పలకను వేలాడదీసి, కొద్దికొద్దిగా తిప్పుతూ ఎకో కొలిచాం. లెక్క చెప్పిన దానికన్నా ఎక్కడో పైన వస్తోంది. ప్రతి కోణంలోనూ అంతే. నేను లెక్క మళ్లీ చేశాను. రంధ్రాలు పొడిచిన అట్టల కట్ట మోసుకుని హైదరాబాద్ పోయి, కంప్యూటర్ దగ్గర వంతు కోసం పడిగాపులు పడి, మళ్లీ చేయించాను. లెక్క కదలలేదు. కొలత కదలలేదు.

ఇక్కడ నా బుద్ధి ఎటు పోయిందో దాచను. పలకల ఎకో గురించి లోకానికి తెలియని నియమం ఏదో నాకే దొరికిందనుకున్నాను. నిజామాబాద్ కిరాణా కొట్టువాడి కొడుకు కనిపెట్టిన నియమం! దానికి నా పేరు పెడితే పలకడానికి ఎలా ఉంటుందో బస్సులో నోట్లోనే అనుకుని చూసుకున్నాను. మీకూ ఇలాంటి రోజు వస్తుంది. కొలత మీ లెక్కను మించి వచ్చినప్పుడు కొత్త నియమం కోసం వెతికే ముందు వస్తువును చేత్తో ముట్టుకుని చూడండి.

ముట్టుకున్నది సారు. ఒక మధ్యాహ్నం ఆయన పలకను దారం నుంచి విప్పి అటూ ఇటూ తిప్పి చూసి, పక్కన పెట్టి, నా లెక్కల కాగితం అందుకున్నారు. చదవడం అయిపోయినా కాగితం ఆయన చేయి వదల్లేదు. విదిలించారు. ఇంకా వదల్లేదు. రెండో చేత్తో తీయబోతే ఆ చేతికి అంటుకుంది.

"విఠల్," అన్నారు చేతులు రెండూ పైకెత్తి, "నీ మంచుకు చెమట పట్టిందయ్యా."

నానిన అచ్చు తడి పలక ఒంటి మీద పొరలా నిలిచిపోయింది. ముసురులో అది ఆరలేదు. ఆరకపోగా గాలిలోని చెమ్మను కూడా పిలుచుకుంది. కంటికి కనబడని ఆ తడి పొర తరంగానికి మంచులా కనబడదు, నీళ్లలా కనబడుతుంది. నీటి ఎకో మంచు ఎకోకన్నా చాలా బలమైనది.

నమూనాల్ని కుంపటి సెగ దగ్గర ఆరబెట్టి, మూత బిగించే డబ్బాలో సున్నపు గడ్డలతో పాటు పెట్టి, బాగా ఎండాక మళ్లీ కొలిచాం. కొలత వచ్చి లెక్క పక్కన బుద్ధిగా కూర్చుంది. నా నియమం సున్నపు డబ్బాలో ఆవిరైపోయింది.

ఆ తడి పలకల్ని పారేయబోతుంటే సారు ఆపారు. "పారేయకు. మబ్బు నుంచి దిగే మంచు కరగడం మొదలైనప్పుడు దాని ఒంటికి పట్టేది కూడా ఇలాంటి తడే. వానరోజున మన తెర మీద ఒకే ఎత్తులో మెరిసే గీత కనబడుతుంది చూడు, అది ఇదే."

ఆ గీత సంగతి పుస్తకాల్లో ఉన్నదే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా. కానీ రాసినవాడికి కరిగే మంచు తెలుసు అనుకోకండి. చేతికి కాగితం అంటుకున్న రోజున తెలిసింది: ఆ మెరుపు పెద్ద వాన కాదు, పలుచటి తడి పొర. మెరుపును బట్టి సరుకు కొనకూడదు.

సారు వేళ్లు కడుక్కోవడానికి లేచి, గుమ్మం దగ్గర ఆగి, ఎవరూ చూడటం లేదనుకుని ఒక వేలు నోట్లో పెట్టుకున్నారు. నేను చూశాను. "డాక్టరుకు చెప్పకు" అన్నారు వెనక్కి తిరక్కుండానే.

అవ్వకు సంగతంతా చెబితే, "నానబెట్టకుంటే అచ్చు ఇయ్యదు, నానబెడితే నీ మిషినొద్దంటది. మీరిద్దరు మాట్లాడుకోని చెప్పుండ్రి" అంది.

"ఎంత తెల్వదు?"

మరుసటి మార్చిలో గంగారెడ్డి వచ్చాడు. మా దుకాణానికి చాలా ఏళ్ల ఖాతాదారు. పొద్దున బండి సామాను కోసం నిజామాబాద్ వచ్చి, మొగులు చూసి గాభరాపడితే బాపే శిబిరానికి పంపించాడు. తలపాగా చేతిలో పట్టుకుని, దుమ్ముతో, నిలబడే మాట్లాడాడు.

"ఏం విఠలూ, నీ మిషిను మొగులు లోపల సూస్తదంట గదా. ఇయ్యాల వాన పడ్తదా లేదా చెప్పు. మోర్తాడ్ బస్సు ఎక్కేదుంది."

"కూర్చో అన్నా. ఏమైంది?"

"కూసుంటే అయితదా? పసుపంత ఉడకపెట్టి కల్లంల ఆరబోసిన. సగమే ఎండింది. వాన వడ్డదంటే రంగు పోతది, బూజు వడ్తది. కుప్ప జేసి కప్పుదామంటే లోపల తడుంది, ఉక్కపోసి నల్లవడ్తది. ఎటు జేసినా సావే. ఒక్క మాట చెప్పు, ఏదో ఒకటి జేస్త."

నరహరి సారు కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. వాన వస్తుందో రాదో బయటివాళ్లకు చెప్పడం మా పని కాదు, దానికి వేరే శాఖ ఉంది. ఆ సంగతి నాకు కళ్లతోనే గుర్తుచేశారు. తర్వాత గంగారెడ్డి మొహం చూశారు. లేచి, "తెర చూపించు. చూపించడానికి అడ్డేం లేదు" అని తానే స్విచ్చు వేశారు.

మబ్బును నిలువునా కోసినట్టు చూశాం. పైన ఎత్తున పలుచటి ఎకో, మంచు. దాని కింద ఒకే ఎత్తులో సన్నగా, ధగధగా మెరిసే గీత. గీత కింద ఎకో నీరసించి, నేల చేరేలోపే ఎక్కడో మాయమవుతోంది.

"అమ్మో, గంత మెరుస్తుంది!" అన్నాడు గంగారెడ్డి. "గదంత నీళ్లే?"

"కాదన్నా. కరుగుతున్న మంచు. ఒంటి మీద తడి పట్టింది కాబట్టి అంత మెరుస్తోంది. గది పెద్ద వాన కాదు. గంత వరకు నా మాట."

"ఇగ అయితే పడదు."

"అట్ల అనలేను. కింద గాలి పొడిగుంది. పడేది నడుమనే ఆరిపోవచ్చు. ఆరకుండ నేల దాక రావచ్చు గుడ. అది నాకు తెల్వదు."

"కావచ్చు, రావచ్చు! గిదా నీ సదువు? మీ బాపు గిట్ల మాట్లాడితే ఆ దుకాణంల ఉప్పు గుడ కొనకపోయేటోణ్ణి." తలపాగా దులిపి, నా వైపు వంగాడు. "సరే, తెల్వదంటివి. ఎంత తెల్వదు?"

నన్ను పరీక్షించిన ప్రొఫెసర్లు ఏం తెలుసని అడిగారు. తెలియనిది ఎంత అని ఎవరూ అడగలేదు. సారు వైపు చూశాను. ఆయన నా సాయానికి రాలేదు. ఆసక్తిగా చూస్తున్నారు.

మనసులో ఆ ఏడాది చూసిన మబ్బులన్నీ ఒకసారి తిప్పుకున్నాను. ఇలాంటి గీత, ఇలాంటి పొడి గాలి ఉన్నప్పుడు ఎన్నిసార్లు చుక్క రాలింది, ఎన్నిసార్లు రాలలేదు.

"రూపాయిల నాలుగణాలు తెల్వదన్నా. పన్నెండణాలు పడదు."

"నాలుగణాలేనా? ఆరణాలు జేయరాదు?"

"ఇది బేరం గాదన్నా!"

"అన్నీ బేరమే. ఆరణాలంటే ఇంకింత కప్పుకుంట, మనసు నిమ్మళముంటది."

"నీ మనసు నిమ్మళం కోసం మబ్బు మారదు. నాలుగణాలే. పైసా పెంచ, పైసా తగ్గించ."

అంత గట్టిగా నేను ఎప్పుడూ ధర నిలబెట్టలేదు. బాపు చూసి ఉంటే గల్ల మీద కూర్చోబెట్టేవాడు. గంగారెడ్డి నన్ను కాసేపు తేరిపార చూసి, తలపాగా చుట్టుకున్నాడు.

"అయితే పసుపుల నాలుగో వంతు కుప్పేసి కప్పుత. తక్కింది అట్లనే ఉంచుత. పడ్డదంటే నల్లబడ్డా నాలుగో వంతన్న మిగుల్తది. పడకుంటే నాలుగో వంతే చెడుతది. ఇగ నడువు, బస్సుకు పోదాం."

"నేనెందుకు?"

"నీ నాలుగణాలు నువ్వు సూడవా?"

సారు నా గొడుగు తెచ్చి చేతికిచ్చారు. "వెళ్లు. ఇన్నాళ్లూ పైనుంచి చూశాం. కిందినుంచి ఎలా ఉంటుందో చూసి రా." గొడుగు ఇచ్చారే అని అడిగితే, "నాలుగణాలకు" అన్నారు.

కల్లం

మేం చేరేసరికి మబ్బు మోర్తాడ్ మీద కూడా కమ్ముకుంది. కల్లం నిండా పసుపు కొమ్ములు పరిచి ఉన్నాయి. ఉడికిన పసుపు వాసన గొంతులోకి దిగుతోంది. గంగారెడ్డి పోతూనే అరిచాడు, ఆడవాళ్లు ఒక వైపు నుంచి నాలుగో వంతు కుప్ప చేసి, గోనెలూ తాడిపత్రీ కప్పి, అంచున రాళ్లు పెట్టారు. గంగారెడ్డి భార్య రాజవ్వ రాయి దించి నన్ను చూసింది.

"ఎవరాయన?"

"సావుకారి కొడుకు. మొగులు సంగతి నాలుగణాలు తెల్వదట. గది చెప్పనీకి సర్కారు జీతమిస్తది."

"నాకైతే రూపాయికి రూపాయి తెల్వదు. నాకెంతియ్యాలె మరి?" అందామె. కల్లమంతా నవ్వింది. నవ్వుతూనే అందరూ పైకి చూశారు.

పైన మబ్బు అడుగున బూడిదరంగు తెరలు వేలాడుతున్నాయి. మబ్బు నుంచి జారి, పలుచబడి, సగం దూరంలోనే కరిగి కనబడకుండా పోతున్నాయి. రాడార్ తెర మీద గీత కింద మాయమవుతున్న ఎకోగా నేను చూసినది అదే. రాడార్ పక్కన ఉన్నన్నాళ్లూ దాన్ని కళ్లతో చూడాలని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. ఆకాశంలోనే వేలాడి ఆగిపోయే వాన అది.

గాలి తిరిగింది, చల్లబడింది. ఒక చుక్క నా ముంజేతి మీద పడింది. గంగారెడ్డి అరచేయి చాపాడు. ఇంకో చుక్క. కల్లం అంచున దుమ్ములో రెండు మూడు చిన్న గుంటలు పడ్డాయి. నేను గొడుగు గట్టిగా పట్టుకుని ఉన్నాను కానీ తెరవలేదు. అంత పసుపు ఆరుబయట ఉండగా నా ఒక్కడి నెత్తి మీద గొడుగు తెరవడానికి చేయి రాలేదు.

అంతే. ఆ చుక్కలు ఆగిపోయాయి. దుమ్ములోని గుంటలు చూస్తుండగానే ఆరిపోయాయి. గంగారెడ్డి చాపిన చేయి నెమ్మదిగా పంచెకు తుడుచుకున్నాడు.

"పన్నెండణాలు," అన్నాడు.

కానీ మబ్బు వెంటనే విడిపోలేదు, కొన్నాళ్లు అలాగే వేలాడింది. ఆ భయంతో కుప్ప విప్పలేదు. విప్పేసరికి లోపల ఉక్కపోసి ఆ నాలుగో వంతు నల్లబడింది. ఆరబోసినది మాత్రం పచ్చగా, గలగలలాడుతూ ఎండింది.

ఆ గడి

ఆ ఏడాది గంగారెడ్డి మా దుకాణానికి వచ్చి అవ్వకు రెండు మూటలు ఇచ్చాడు. "పచ్చది మీ విఠలుకు తెలిసింది. నల్లది తెల్వనిది. రెండు వండి పెట్టు." ఆ తర్వాత ప్రతి పసుపు కాలంలోనూ రెండు మూటలు వచ్చేవి. చెడిన పసుపు లేని ఏడాది ఎక్కడ్నుంచో వెతికి తెచ్చేవాడు.

తర్వాతి కాలంలో మా లెక్కలు పెద్దవయ్యాయి. చక్కెర పలకలు పోయి, కంప్యూటర్లో రకరకాల పలుకుల్ని పుట్టించి, ఒక్కో దాని మీద తరంగం ఎలా చెదురుతుందో లెక్క కట్టే రోజులు వచ్చాయి. ఫలితాల కాగితం చివర ఒక గడి ఉంటుంది, లెక్కలో ఎంత తేడా ఉండవచ్చో చెప్పేది. మా ప్రయోగశాలలో దాని పేరు నల్ల పసుపు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు ఎందుకో తెలియకుండానే వాడుతుంటారు. ఆ గడి ఖాళీగా వదిలి నా దగ్గరికి కాగితం తెచ్చినవాళ్లకు నేను చెప్పిన మాట ఒకటే: నింపుకుని రండి, దాన్నిబట్టి ఒకాయన కల్లంలో ఎంత కప్పాలో తేల్చుకుంటాడు. అక్కడ మరీ చిన్న అంకె వేసేవాళ్లను నేను నమ్మను. సొంత ధైర్యం కోసం మరీ పెద్ద అంకె వేసేవాళ్లను అసలు నమ్మను. ఆరణాలు అడిగితే ఇవ్వని మనిషి కావాలి ఈ పనికి.

శిబిరం ఎత్తేసే ముందు నరహరి సారును మా ఇంటికి భోజనానికి పిలిచాను. అవ్వ వడ్డించింది. పప్పు వింతగా, మట్టిరంగులో ఉంది. సారు కలపబోయి ఆగి, పెద్దమనిషి కాబట్టి మెల్లగా అడిగారు:

"ఏమ్మా, పప్పు ఈ రంగుందేమిటి?"

"మీ ఇద్దరికి తెల్వనిది సారూ," అంది అవ్వ. "తినుండ్రి."

సారు కళ్లు మూసుకుని ఒక ముద్ద తిన్నారు. తర్వాత గిన్నె ముందుకు జరిపి, ఇంకో గరిటె వేయించుకున్నారు.